మార్తమ్మగారి మడత తెర

మస్కట్‌లోని వాడి కబీర్‌లో మా వర్క్‌షాపు షట్టరు ఎత్తగానే ముందు రంపపు పొట్టు వాసన వస్తుంది. కాసేపటికి వెనక గదిలో పొయ్యి మీద మైదా జిగురు ఉడకడం మొదలవుతుంది. సన్నని సెగ మీద, అడుగంటకుండా కలుపుతూ ఉంటే పిండి తెల్లదనం పోయి గంజిలా మెరుస్తుంది, గదంతా ఒక తియ్యటి వాసన కమ్ముకుంటుంది. మా ఊళ్ళో సినిమా పోస్టర్లు అంటించేవాళ్ళ బకెట్లలోనూ ఇదే జిగురు ఉండేది. కానీ ఆ వాసన తగిలితే నాకు పోస్టర్లు గుర్తురావు, మార్తమ్మగారు గుర్తొస్తారు. బయట బడి బస్సులు హారన్లు కొడుతూ పోతుంటాయి, లోపల మిషన్లు మొదలవుతాయి, ఎవరో టీ తెచ్చి బల్ల మీద పెడతారు. నేను మాత్రం గరిటె పట్టుకుని ఆమె గొంతు వింటుంటాను. "అడుగంటుతోంది చూడవయ్యా, నీ ధ్యాస ఎక్కడుంది?"

మార్తమ్మగారిది నరసాపురం దగ్గర ఒక పల్లె. ఇక్కడ మస్కట్‌లోనే బౌషర్‌లోని ఒక ఆస్పత్రిలో నర్సుగా చేరి, తల నెరిసేదాకా అక్కడే పనిచేశారు. ఆస్పత్రిలో అందరికీ ఆమె సిస్టర్, నాకొక్కడికే అక్క. మనిషి పొట్టి, గొంతు మాత్రం పెద్దది. వార్డు ఈ చివర మాట్లాడితే ఆ చివర నిద్రపోతున్నవాళ్ళు లేచి కూర్చునేవారు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే, "నన్ను చేసుకోవాలంటే చెవుడైనా ఉండాలి, లేకపోతే ఓపికైనా ఉండాలి, రెండూ లేని సంబంధాలే వచ్చాయి" అని నవ్వేసేవారు. ఆమె పోయి కొంతకాలమైంది. ఆమె గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. రాయకపోతే, ఆమెను చూడనివాళ్ళకు అలాంటి మనిషి ఒకరున్నారనే తెలియకుండా పోతుంది. అది నాకు బాగా అనిపించడం లేదు.

ఆమెకు ఒక పిచ్చి ఉండేది. జపాను వాళ్ళ పద్ధతిలో పిట్టలనూ పూలనూ గీసేవారు. ఆ దేశంలో వాటిని మడత తెరల మీద గీస్తారు. మన ఆస్పత్రుల్లో మంచానికీ మంచానికీ మధ్య గుడ్డ తెర లాక్కొచ్చి పెడతారు కదా, అలాంటిదాన్ని చెక్క చట్రాలతో చేసి, గుడ్డకు బదులు కాగితం అంటించి, దాని మీద బొమ్మ వేస్తే అది జపాను తెర. పూర్వం వాళ్ళు ఇళ్ళలో గాలి తగలకుండా, ఒక మూల మరో మూలకు కనబడకుండా నిలబెట్టుకునేవారట. మూస్తే గోడ వారన ఇమిడిపోతుంది, విప్పితే గదిలోకి తోట వస్తుంది. జగిత్యాల వైపు వడ్రంగం చేసే నాలాంటి వడ్లోడికీ, నరసాపురం నర్సుకీ, జపాను తెరకీ ఏం సంబంధమని మీరు అడగవచ్చు. మస్కట్‌లో సంబంధాలు అలాగే కలుస్తాయి, ఇక్కడ ఉన్నవాళ్ళెవరికీ అది వింతగా తోచదు.

నేను ఇక్కడికి వచ్చింది కట్టడాల్లో సెంట్రింగ్ పనికి. మాది వడ్రంగుల ఇల్లు. నాగళ్ళు పోయి, ఎడ్లబండ్లు పోయి, చివరికి తలుపులు కూడా ఫ్యాక్టరీల నుంచి రావడం మొదలయ్యాక మా నాయిన పనిముట్లు సంచిలో కట్టి అటకెక్కించాడు. ఆయన నేర్పిన చేత్తోనే నేను సైట్లలో ప్లైవుడ్డుకు మేకులు కొట్టాను. ఒకరోజు కాలి కింద పలక జారి పైనుంచి ఇసుక కుప్ప మీద పడ్డాను. ఇసుక కాబట్టి బతికాను. కుడి మోచెయ్యి మాత్రం పక్కనున్న ఇనుప కడ్డీలకు తగిలి విరిగింది. ఆపరేషన్ చేశారు, ఎముక అతికింది, కట్టు విప్పారు. విప్పాక చూస్తే ఉంగరపు వేలూ చిటికెన వేలూ నావి కావు. సూది గుచ్చినా తెలియదు, ముడవమంటే ముడుచుకోవు. సుత్తి పట్టంతా ఆ రెండు వేళ్ళలోనే ఉంటుందని నాకు అప్పుడు తెలిసింది. పెద్ద డాక్టరు వచ్చి హిందీలో చాలాసేపు ఏదో చెప్పాడు. టైమ్ పడుతుందన్నాడు. పడితే పడనీ, వస్తే చాలు అనుకున్నాను.

కంపెనీ నుంచి మా లేబర్ క్యాంపు బాస్ కూడా వచ్చి చూసిపోయాడు. చెడ్డవాడేం కాదు, అరటిపళ్ళు తెచ్చాడు. "చెయ్యి నడిస్తే డ్యూటీ, నడవకపోతే ఇంటికి టికెట్" అని ఉన్నమాట చెప్పి వెళ్ళిపోయాడు. ఇంటికి వెళ్ళి ఏం చేయాలి? పని చేసే చెయ్యి ఒక్కటే నాకున్న చదువు. అది లేకపోతే నేనెవరినో నాకే తెలియదు. ఆ దిగులుతో అన్నం మానేసి, గోడవైపు తిరిగి పడుకోవడం మొదలుపెట్టాను. పలకరిస్తే కళ్ళు మూసుకునేవాణ్ని. అలా పడుకున్న ఒక మధ్యాహ్నం నా వీపు వెనక ఆ పెద్ద గొంతు వినిపించింది.

"ఏం రాజేశం, గోడ మీద ఏముందయ్యా అంత చూస్తున్నావు?"

"ఏం లేదక్కా."

"ఏమీ లేనిదాన్ని ఇంతసేపు చూస్తున్నావంటే నీకు చాలా ఓపికుందన్నమాట. పనికొస్తావు. లే, ముందు అన్నం తిను."

తెలుగు విని ఎన్నాళ్ళయిందో, అందులోనూ తిట్టులాంటి తెలుగు. లేచి కూర్చున్నాను. పక్కన నిలబడి ప్లేటు ఖాళీ అయ్యేదాకా కదల్లేదు. ఆ తర్వాత ఫిజియోథెరపీ గదికి నన్ను ఆమే నడిపించుకుని వెళ్ళేవారు. ఆ గది తలుపు సరిగ్గా పడేది కాదు, ప్రతిసారీ నేలను గీరుకుంటూ కీచుమనేది. ఒకరోజు నేను ఉండబట్టలేక, "పై మడత బందు వదులైందక్కా, కింద రంద పట్టి చెక్కితే లాభం లేదు, పైన మరలు బిగించమను" అన్నాను. ఆమె ఆగి నా మొహంలోకి చూశారు. మీది వడ్రంగం ఇంటి పనా, ఇక్కడికి వచ్చాక నేర్చుకున్నావా, సన్నపని వచ్చా, తలుపు చెక్కడమేనా అని ఒకదాని మీద ఒకటి అడిగారు. నేను చెప్పినదంతా విని, "డిశ్చార్జి అయ్యాక శుక్రవారం, సెలవురోజు మా ఇంటికి రా, ప్రార్థన అయ్యే వేళకి. నాకు వడ్రంగి కావాలి" అన్నారు.

"చెయ్యే లేకపాయె, ఇంకేం వడ్రంగక్కా?"

"చెయ్యి అడగలేదయ్యా, వడ్రంగిని అడిగాను. వస్తావా రావా?"

ఫిజియో అయ్యేదాకా క్యాంపులో ఊరికే కూర్చుని చెయ్యి చూసుకోవడం కంటే నయమని వెళ్ళాను. వాడి కబీర్‌లో మరో ఇద్దరు నర్సులతో కలిసి ఉండే చిన్న ఫ్లాటు ఆమెది. ప్రార్థనకు వచ్చినవాళ్ళు భోంచేసి వెళ్ళిపోయాక, తన గదిలోకి తీసుకెళ్ళారు. గోడల నిండా కాగితాల మీద గీసిన పిట్టలు, పూలు, ఆరేసిన బట్టల్లా దండెం మీద కూడా వేలాడుతున్నాయి. కిటికీ పక్కన రెండు పలకల చిన్న మడత తెర ఒకటి నిలబడి ఉంది. దాన్ని ఆమెకు ఇచ్చింది ఒక జపాను ఇంజనీరు తల్లి. కొడుకుతో ఉండటానికి మస్కట్ వచ్చి, తుంటి విరిగి ఆస్పత్రిలో చేరితే ఆమెను మార్తమ్మగారే చూసుకున్నారు. ఇంటికి పంపాక కూడా డ్యూటీ దిగి వెళ్ళి కట్టు మార్చి వచ్చేవారట. ఇద్దరికీ కలిసే భాష ఒక్కటీ లేదు. ఆ ముసలావిడ తెరలు గీసేవాళ్ళ ఇంట్లో పుట్టిన మనిషి. మంచం మీది నుంచే కుంచె ఈమె చేతికిచ్చి, పైన తన చెయ్యి వేసి గీయించేదట. మార్తమ్మగారు ఆమెను జపాను మామ్మగారు అనేవారు. "రోజూ సూదులు గుచ్చే చెయ్యి కదయ్యా నాది, వణకదు. అది చూసి మామ్మగారు మురిసిపోయేవారు."

ఆ తెర మీద కుడివైపు కింది మూల నుంచి గరుకు కొమ్మ ఒకటి వంకరగా లేచింది. దాని మీద అక్కడక్కడ తెల్లటి చిన్న పూలు, ఒక ఆకుపచ్చ పిట్ట. పిట్ట మెడ తిప్పి ఎడమవైపు చూస్తోంది. అటు ఏమీ లేదు, మాసిన బంగారు రంగు తప్ప. ఎవరైనా ముందు బొమ్మ చూస్తారు. నేను బందులు వెతికాను. ఇనుము లేదు, ఇత్తడి లేదు, మేకు లేదు. రెండు పలకలూ ఒకదాన్నొకటి అంటుకుని, ఈవైపుకూ మడుస్తున్నాయి, ఆవైపుకూ మడుస్తున్నాయి. కళ్ళు దగ్గరపెట్టి చూస్తే అవి కాగితం బందులు. ఒక పట్టీ ఈ పలక ముందు నుంచి ఆ పలక వెనక్కి పోతుంది, దాని కిందిది వెనక నుంచి ముందుకు వస్తుంది, అలా పైనుంచి కిందిదాకా జడ అల్లినట్టు. మా నాయిన బతికి ఉంటే ఆ తెర ముందు ఒక పూట కూర్చునేవాడు. పడ్డ నాటి నుంచి మొదటిసారి, నా చేతి సంగతి కాసేపు మరిచిపోయాను.

"ఇట్లాంటిది ఆరు పలకలది చేయాలి. ఫిజియో గదిలో పెడదాం. అక్కడ ఒకడు నొప్పికి అరుస్తుంటే, వంతు కోసం కూర్చున్నవాళ్ళు చూసి చూసి సగం చస్తున్నారు. వాళ్ళకూ వీళ్ళకూ మధ్య నిలబెడదాం. చేస్తావా?" అన్నారు. తల ఊపాను. ఊపానే గానీ, ఆ పని ఎంత నాజూకో తెలిస్తే ఊపేవాణ్ని కాదు. చట్రంలో సన్నని పుల్లలతో జల్లెడలా అల్లిక కట్టాలి, దాని మీద పొర మీద పొర కాగితం అంటించాలి, ఒక పొర బిగువుగా, ఇంకో పొర వదులుగా, గాలి ఆడేలా. సైటులో నేను పట్టిన పట్టు వేరు. మొదటి వారాల్లో ఎన్ని పుల్లలు విరగ్గొట్టానో, ఎన్ని కాగితాలు చింపానో. ప్రతి శుక్రవారం ఆమె ఏదో ఒకటి అనేవారు.

"ఆ బలం దాచుకోవయ్యా, ఇక్కడ నిన్ను కొట్టడానికి ఎవరూ రావడం లేదు."

"ఏం జేయాలక్కా, పట్టు దొరుకుత లేదు. గీ రెండు వేళ్ళు వస్తే గానీ నాతోని కాదు."

"వచ్చిన వేళ్ళతో చెయ్యి. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు. కుంచె పట్టడానికి నేను వాడేవీ అవే. జిగురు రాసేటప్పుడు కాగితం ఎంత లాగితే చాలో ఆ మూడింటినే అడుగు."

కోపం వచ్చేది. ఎంత కోపమంటే, జిగురు గిన్నె అక్కడే పెట్టేసి బస్సు ఎక్కి వెళ్ళిపోయిన రోజులున్నాయి. వచ్చే శుక్రవారానికి మళ్ళీ వెళ్ళేవాణ్ని. ఆమె ఏమీ జరగనట్టు తలుపు తీసి, "చేపల పులుసు ఉంది, ముందు తిను" అనేవారు. నరసాపురం పులుసు కారానికి కళ్ళ నీళ్ళు వచ్చేవి. మా తెలంగాణ కారం ముందు ఇదెంత అని బింకానికి అని, రెండు గ్లాసుల నీళ్ళు తాగేవాణ్ని. ఆమె చూసీ చూడనట్టు మజ్జిగ గ్లాసు ముందుకు జరిపేవారు.

కాగితం బందుల దగ్గర మా ఇద్దరికీ పెద్ద గొడవ అయింది. ఎన్ని చెప్పినా, వడ్లోడికి కాగితం మీద నమ్మకం ఎలా కుదురుతుంది? "చినుగుతదక్కా. ఇత్తడి బందులేస్త, నూరేండ్లు ఉంటది" అన్నాను. వద్దంటారనుకున్నాను. "వెయ్యి, చూద్దాం" అన్నారు. మెరిసే ఇత్తడి బందులు తెచ్చి, రెండు పలకలకు మరలతో బిగించి, గర్వంగా నిలబెట్టాను. ఆమె ఆ రెండు పలకల మీదా కలిపి, రెక్కలు విప్పిన తెల్ల కొంగను ఒకదాన్ని గీశారు. ఆరాక నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి చూడమన్నారు. పలకల మధ్య బందు మందంలో సందు, ఆ సందులోంచి కిటికీ వెలుతురు. కొంగ రెక్క సరిగ్గా అక్కడే తెగి రెండు ముక్కలైంది. పైగా అది తలుపులాగా ఒకవైపుకే మడుస్తుంది, రెండోవైపుకు రాదు. "ఇది ఎగిరే కొంగలా ఉందా, కొట్లో వేలాడదీసిన కోడిలా ఉందా?" అన్నారు. ఇద్దరం నవ్వలేక చచ్చాం. బందులు విప్పేసి, మూడు వేళ్ళతో కాగితం పట్టీలు అల్లడం ఆ రోజే మొదలుపెట్టాను. కొంగకు రెక్క మళ్ళీ కలిసేదాకా చాలా శుక్రవారాలు పట్టింది.

పిట్టల కోసం ఎక్కడికో పోనక్కర్లేదు, చూడటం నేర్చుకుంటే చాలు అనేవారు. ఎండ తగ్గాక ఆస్పత్రి వెనక రోడ్డు మీద నడిపించేవారు. నీళ్ళ పైపు కారే చోట గోరింకలు స్నానం చేసేవి. రోడ్డు మధ్య మొక్కల్లో పిగిలిపిట్టలు కొట్లాడుకునేవి. వాగులో నీళ్ళు లేకపోయినా గన్నేరు పూసేది. అలా నడుస్తుంటే ఒకనాడు కరెంటు తీగ మీద పాలపిట్ట కనిపించింది. నేను అలవాటుకొద్దీ చెప్పులు విడిచి దణ్ణం పెట్టాను. ఆమె వింతగా చూశారు.

"దసరనాడు మేం దీన్ని చూడాల్నని ఊరు బయటికి పోతమక్కా. కనబడితే ఏడాదంత మంచిగుంటదని. ఈడ చూస్తే రోజూ తీగ మీదనే కూసుంటున్నది."

"అయితే నీకు రోజూ దసరాయేగా. ఆ ఏడుపు మొహం ఎందుకు మరి?"

ఆ పాలపిట్టను తుమ్మకొమ్మ మీద గీశారు. ఆరు పలకల తెరలో అదొక్కటే నాకోసం గీసిన పిట్ట. నాకు మాత్రం తెర బోసిగా అనిపించేది. మన దగ్గర పెళ్ళిపందిరికైనా లారీకైనా వేలెడు జాగా వదలకుండా ముస్తాబు చేస్తాం. ఇక్కడ సగం తెర ఖాళీ. "ఇంత జాగా ఉత్తగ పోతున్నది, ఇంకో నాలుగు పిట్టలు పెట్టరాదా" అన్నాను. "పేషెంటు చుట్టూ చుట్టాలంతా మూగితే ఏమంటాం? తప్పుకోండి, గాలి ఆడనివ్వండి అంటాం. పిట్టకైనా అంతే" అన్నారు. నర్సు మాట అది. నాకు బొమ్మల గురించి ఏ పుస్తకమూ తెలియదు గానీ, ఆ ఒక్క మాటతో జపాను తెర మొత్తం అర్థమైనట్టనిపించింది.

ఆమె ఆ తెరను ఎడమవైపు నుంచి మొదలుపెట్టారు. మొదట దానిమ్మ పూత, గులాబీలు, వాగు నీళ్ళు. తర్వాత గన్నేరు, తెల్ల కొంగ. ఆ తర్వాత తుమ్మకొమ్మ మీద పాలపిట్ట. చివర, కుడివైపు, ఎండిన కొండరాళ్ళు, వాటి మధ్య ఒంటరి కౌజుపిట్ట. జపాను తెరల మీద పూలతో మొదలై మంచుతో ఏడాది ముగుస్తుందట. మనకు మంచు లేదు కాబట్టి ఎండతో ముగించానన్నారు. ఆస్పత్రివాళ్ళు మంచాల దగ్గరికి కాగితం వద్దన్నారు గానీ ఫిజియో గదికి ఒప్పుకున్నారు. నిలబెట్టిన రోజు పలకల అంచులన్నీ మరోసారి తడిమి చూసుకున్నాను. జిగ్‌జాగుగా మడిచి వదిలేస్తే, ఏ ఆసరా లేకుండా తన కాళ్ళ మీద తాను నిలబడింది. మార్తమ్మగారు దూరంగా నిలబడి, ఎవరేమంటారా అని చెవులు రిక్కించుకుని చూస్తున్నారు. 

ఆ గదికి రోజూ ఒక ఒమానీ పెద్దాయన వచ్చేవాడు. సలాలా వైపు మనిషి, పక్షవాతం వచ్చి మస్కట్‌లో కొడుకు దగ్గర ఉంటున్నాడు. నడక సాధన చేయమంటే రెండడుగులు వేసి కుర్చీ కోసం చూసేవాడు. ఆ రోజు తెర కుడి చివర నిలబడి, రాళ్ళనూ కౌజుపిట్టనూ చాలాసేపు చూశాడు. తర్వాత కర్ర ఆనించుకుంటూ, కాలు ఈడ్చుకుంటూ, ఒక్కో పలక దగ్గరా ఆగుతూ ఎడమ చివరకు నడిచాడు. దానిమ్మ పూల దగ్గర నిలబడి ఆయాసపడుతూ మార్తమ్మగారిని పిలిచాడు. అరబీ కలిసిన హిందీలో, "బాగా గీశావు సిస్టర్. ముందు ఎండ, దాహం. నడవగా నడవగా చివరికి నీళ్ళు, పూలు. మా సలాలా ఇలాగే ఉంటుంది, ఎండంతా కాచాక వాన వస్తుంది" అన్నాడు.

ఆమె ఆయనకు కుర్చీ లాగి వేశారు. పెద్దాయన కూర్చున్నాక నా దగ్గరికి వచ్చి నెత్తి కొట్టుకున్నారు. "చూశావా నా తెలివి! ఈ దేశంలో ఇన్నేళ్ళుండి, వీళ్ళు కుడి నుంచి చదువుతారని నాకు తట్టలేదు. మామ్మగారి తెర కూడా కుడి నుంచే మొదలవుతుంది, ఆ కొమ్మ కుడివైపే కదయ్యా లేచింది! తెలుగు రాసినట్టు ఎడమ నుంచి గీసి కూర్చున్నాను." మళ్ళీ గీస్తారా అని భయంగా అడిగాను. మళ్ళీ ఆరు పలకలంటే నా ప్రాణం పోతుంది. "ఎందుకు? ఆయన నడిచాడుగా" అన్నారు. మర్నాటి నుంచి ఆ పెద్దాయన రోజూ రాళ్ళ దగ్గర మొదలుపెట్టి పూలదాకా నడిచేవాడు. తక్కినవాళ్ళూ అలాగే నడవడం మొదలుపెట్టారు. తన పొరపాటు అలా పనికొస్తుంటే మార్తమ్మగారు తలుపు దగ్గర నిలబడి చిన్నపిల్లలా సంబరపడేవారు.

ఆ పెద్దాయన కొడుక్కి వాడి కబీర్‌లో ఫర్నిచర్ వర్క్‌షాపు ఉంది. తండ్రిని తీసుకెళ్ళడానికి వచ్చి, తెర వెనకవైపుకు వెళ్ళి చట్రాలు తడిమి చూశాడు. ఎవరు చేశారని అడిగాడు. మార్తమ్మగారు నన్ను భుజం పట్టి ముందుకు తోశారు. "ఇదిగో వీడే. నీకు పనివాడు కావాలా?" సంతలో ఎడ్లను చూపించినట్టు అలా చూపిస్తే నాకు తల కొట్టేసినట్టయింది. అతను నా చెయ్యి వంక చూసి ఏమైందన్నాడు. "రెండు వేళ్ళు ఇంకా రాలేదు, వస్తాయి" అన్నాను. అతను తెర మడిచి పక్కకు పెట్టి మళ్ళీ నిలబెట్టమన్నాడు. మడిచాను, జరిపాను, విప్పి నిలబెట్టాను. ఒక్క పలక కూడా నేలను గీరలేదు. "నా దగ్గరికి రా" అన్నాడు. వేరేచోట చేరడానికి కంపెనీ రిలీజు కాగితం ఇచ్చింది. నేను ఇంటికి వెళ్ళలేదు. ఇప్పటికీ అక్కడే పనిచేస్తున్నాను. మజ్లిస్‌లకు, అంటే ఇక్కడి ఇళ్ళలో అతిథులు కూర్చునే గదులకు, హోటళ్ళకు మడత తెరలు చేయించుకునేవాళ్ళు ఎక్కువయ్యారు. ఆమె రిటైరయ్యేదాకా వాటి మీద పిట్టలు మార్తమ్మగారివే. ఆ మొదటి తెర తర్వాతవన్నీ ఆమె కుడి నుంచే మొదలుపెట్టారు.

ఆమె నరసాపురం వెళ్ళిపోయే ముందు, జపాను మామ్మగారి చిన్న తెరకు ప్రయాణంలో దెబ్బ తగలకుండా పెట్టె చేసిపెట్టాను. "ఇది నీకు ఇస్తాననుకుంటున్నావేమో, ఇవ్వను, ఆశపడకు" అన్నారు. గదిలో దండెం ఖాళీ అయిపోయి ఉంది. నేను పెట్టె మూత బిగిస్తూ మాటవరసకు, "ఈ రెండు వేళ్ళు గిట్ల వచ్చి ఉంటే ఇంకా మంచి పెట్టె చేసేటోణ్ణక్కా. ఇంకెంత టైమ్ పడుతదో" అన్నాను. ఆమె బట్టలు మడవడం ఆపేశారు.

"అవి రావు రాజేశం."

నేను పెట్టె మూత వదిలేసి ఆమె వైపు తిరిగాను.

"డాక్టరుగారు నీకు మొదట్లోనే చెప్పారు. నరం తెగింది, ఆ రెండు వేళ్ళూ ఇక రావు, మిగతా మూడూ కాపాడుకో అని. నేను పక్కనే ఉన్నాను. టైమ్ పడుతుందని చెప్పింది నొప్పి తగ్గడానికయ్యా. నువ్వు ఆ ఒక్క మాటా పట్టుకుని తలూపి, గోడవైపు తిరిగి పడుకున్నావు."

"మరి మీరు చెప్పకపోతిరి?"

"అప్పుడు ఇంకోసారి చెబితే లేచేవాడివా? మూడు వేళ్ళతో చేసే పని ఏముందా అని నా బుర్రంతా వెతికాను. నాకు తెలిసింది ఇదొక్కటే. నాకు తెర ఎందుకయ్యా, నా కాగితాలు నాకు సరిపోయేవి."

పెట్టె మీద చెయ్యి పెట్టుకుని ఏడ్చాను. ఆమె ఓదార్చలేదు. కాసేపు ఏడవనిచ్చి, చీరలు మడుచుకుంటూ కూర్చున్నారు. తర్వాత లేచి టీ పెట్టారు. మా నాయిన నాకు పని నేర్పాడు. పోయిన ఆ పనిని వెతికి మళ్ళీ నా చేతిలో పెట్టింది మార్తమ్మగారు. అదీ నాకు తెలియకుండా, తనకే నా అవసరం ఉన్నట్టుగా పెట్టారు. థాంక్స్ అనే మాట ఆ రోజు నోటికి రాలేదు. ఆ తర్వాత ఫోన్లో చాలాసార్లు చెప్పబోయాను. "పిట్టల సంగతి చెప్పవయ్యా" అని మాట మళ్ళించేవారు.

ఒక సంగతి ఆమెకు కూడా ఎప్పుడూ చెప్పలేదు. అప్పటిదాకా నేను రోజూ పొద్దున నిద్ర లేవగానే, రూమ్‌లో అందరూ లేవకముందే, ఆ రెండు వేళ్ళనూ గిచ్చి చూసుకునేవాణ్ని. నొప్పి తెలిసేది కాదు, ఆ రోజంతా మనసు పాడయ్యేది. ఆమె ఆ మాట చెప్పిన మర్నాడు గిచ్చి చూసుకోలేదు. మొహం కడుక్కుని పనికి వెళ్ళాను. ఈ రోజుకూ అలాగే వెళ్తున్నాను.